ధనకోటి నాయుడు తెచ్చిన ప్రసాదం

వనజాక్షి ముందుగా చచ్చిపోయింది. ధనకోటి నాయుడికి జరిగిన అన్యాయం అది. తక్కినవన్నీ దాని పిల్లలు.

కాపురం చేసినన్నాళ్ళూ ఆయన ఒక మాటంటే ఆమె పది అనేది. ఆఖరి మాట ఎప్పుడూ ఆమెదే. పోవడంలో కూడా ఆమెదే పైచేయి అయింది. కడంబత్తూరు ఊరంతా వచ్చి, పోయినామె బంగారమని చెప్పి ఏడ్చింది. నాయుడు ఏడవలేదు. ఎదురు చెప్పలేని మనిషి మీద ఏం ఏడుస్తామని ఊరుకున్నాడు.

కర్మ అయిన మరునాడు చుట్టాలకు మాంసం పెట్టడం వాళ్ళ వాడుక. ఆ పంక్తిలోనే ఆయన కొంప మునిగింది. తామరైపాక్కంలో ఇచ్చిన చెల్లెలు రుక్మిణమ్మ మొగుడు ఎల్లప్ప, ఎముక ఒకటి గట్టిగా పీలుస్తూ, బావ ఆరు నెలలు కూడా ఆగడు, ఇంకొకతెను తెచ్చుకుంటాడు చూడండని పక్కవాడితో అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ ఎల్లప్ప మెల్లగా అంటే రైలు స్టేషను దాకా వినబడుతుంది.

నాయుడు విస్తరి ముందునుంచి లేచాడు.

"వనజాక్షి చేతి కూర తిన్న నోరు ఇది. ఇంగ ఈ నోట్లోకి కవుసు ముక్క పోదు. పోతే ఆ తిరుత్తణి మురుగుడే అడగనీ."

కోపంలో అన్నమాట. కోపం పొద్దుగూకేసరికి చల్లారింది. మాట చల్లారలేదు. అప్పటికే అది ఊరి పొలిమేర దాటిపోయింది.

ఆడవాళ్ళకు ఆయన దేవుడైపోయాడు. ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా నడుమ ధనకోటి నాయుడి పేరు రావలసిందే. నేను పోతే నువ్వు కనీసం ఉల్లిపాయైనా మానేస్తావా అని అడిగేవాళ్ళు. రుక్మిణమ్మ అయితే ఎల్లప్ప విస్తట్లో ముక్క పడినప్పుడల్లా, మా అన్నను చూసి బుద్ధి తెచ్చుకో అనేది. ఎల్లప్ప ఆ ముక్క తినేవాడు. అది ఒంటికి పట్టేది కాదు.

ఇక ఇంటి సంగతి. ఇంటి పెద్ద నోరు కట్టుకుంటే ఆ ఇంటి పొయ్యి మీద మాంసం ఎక్కకూడదు. అది వాళ్ళ పద్ధతి. వనజాక్షి కూర వండే మట్టి చట్టిని కోడలు కోకిల కడిగి, పెరటి గోడ మీద బోర్లించింది. మూడేళ్ళుగా అది అక్కడే ఉంది. దాని కింద ఒక బల్లి సంసారం పెట్టి పిల్లల్ని కూడా కన్నది. పళవేర్కాడు నుంచి రొయ్యల గంప తెచ్చే ఆమె ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి అరుపు ఆపి, దణ్ణం పెట్టి పోయేది.

కొడుకు నాగలింగానికి ఫ్యాక్టరీలో ఉద్యోగం. మధ్యాహ్నం అక్కడి క్యాంటీనులో ఏం తినేవాడో ఇంట్లో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. కనుక ఆ వ్రతాన్ని మూడేళ్ళపాటు నిజంగా పాటించింది ఆ ఇంట్లో కోకిల ఒక్కతే.

ఎందుకంటే నాయుడు పాటించలేదు.

మొదటి ఏడు ఎలాగో గడిచింది. పప్పు తిన్నాడు, చారు తిన్నాడు, వంకాయను చూసి కళ్ళు మూసుకుని తిన్నాడు. తరువాత ఒక కిరుత్తికకు, మురుగుడి నక్షత్రం రోజున, నిజంగానే భక్తితో తిరుత్తణి పోయాడు. కొండెక్కాడు, దిగాడు. మరునాడు నగరి రోడ్డు మీద ఒక చుట్టం ఇంటికి నడిచిపోతుంటే మామిడి తోపులోంచి వాసన వచ్చింది. తోపులో తాటాకు పందిళ్ళు వేసి, బల్లలు పరిచి, ఒకాయన మాంసం భోజనం పెట్టే మిలిటరీ హోటలు నడుపుతున్నాడు. పేరు తోట హోటలు. ఆయన పేరు ధర్మలింగం. నాయుడి కాళ్ళు అటు తిరిగాయి. తాను తిప్పలేదనే నేటికీ ఆయన నమ్మకం.

విస్తరి వేస్తూ ధర్మలింగం, ఇంట్లో వండరా అయ్యా అని మామూలుగా అడిగాడు. పెళ్ళాం చచ్చిపోయిందని చెబితే వ్రతం సంగతి రావాలి. నాయుడికి నోరు రాలేదు. వచ్చిన మాట వేరే.

"ఇంట్లోదానికి ఒంట్లో బాగలేదు. డాక్టరు కవుసు వాసనే పడదన్నాడు."

అలా వనజాక్షి తోట హోటల్లో మళ్ళీ బతికింది.

ఆనాటినుంచి నెలకొకసారి నాయుడు కొండకని చెప్పి బయలుదేరేవాడు. ధర్మలింగం ముందుగా అమ్మ ఒంట్లో ఎట్లుందని అడిగేవాడు. ఒళ్ళు తగ్గింది, నోరు తగ్గలేదని నాయుడు చెప్పేవాడు. కూర ఎట్లుందంటే తన మాటగా ఏమీ అనేవాడు కాదు. మా ఇంటిది అయితే ఇంత మిరియం వెయ్యదు అనేవాడు. మసాలా రోట్లో నూరితే ఒక రుచి, మిల్లులో పట్టిస్తే ఇంకొక రుచి అంటుంది మా ఇంటిది అనేవాడు. ధర్మలింగం ఆ మాటలు వంటింట్లో ఉన్న పెళ్ళాం వళ్ళియమ్మకు చేరవేసేవాడు. వళ్ళియమ్మ పౌరుషం గల మనిషి. కనపడని ఆడది ఎవతో తన కూరకు వంక పెడుతోందంటే ఊరుకోగలదా? మిరియం తగ్గించింది. రోలు తెప్పించింది. కొబ్బరి మాని గసగసాలు వేసింది. వంకలు పెట్టీ పెట్టీ, రెండేళ్ళు తిరిగేసరికి ఆ కూర అచ్చం వనజాక్షి కూరైపోయింది. నాయుడు దాన్ని తల వంచుకుని తినేవాడు. బాగుందని మాత్రం అనలేదు. బతికుండగా అననివాడు ఇప్పుడు ఎందుకంటాడు?

వళ్ళియమ్మకు ఆ వంకల మనిషి మీద కోపం పోయి జాలి పుట్టింది. వేరే కుండలో చక్కెర పొంగలి చేసి, విస్తర్లు కుట్టే మందారాకులో కట్టి, ఇది అమ్మకివ్వండని పంపడం మొదలుపెట్టింది. దాన్ని దారిలో పారెయ్యడానికి నాయుడికి మనసు రాలేదు. ఇంటికి తెచ్చి, ఏం చెప్పాలో తెలియక, కొండ ప్రసాదమన్నాడు.

కోకిల కళ్ళకద్దుకుంది. రుక్మిణమ్మకు కొంత పంపారు. ఆమె ఎల్లప్ప చేత తినిపించి, మిగిలింది ఆయన మోకాలికి పూసింది. ఏళ్ళ తరబడి వేధించిన మోకాలి నొప్పి తగ్గింది. మాంసం హోటలు పొయ్యి మీద ఉడికిన పొంగలి మహిమ తామరైపాక్కం అంతా పాకింది.

ఇలా ఉండగా నాయుడికి అరవై నిండాయి.

అరవై నిండినవాడికి పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టి మళ్ళీ పెళ్ళి చేస్తారు. పెళ్ళాం లేనివాడికి ఏం చెయ్యాలో ఏ పంచాంగంలోనూ లేదు. నాగలింగం చాలా ఆలోచించి, ఎక్కడికైనా పోయి భోంచేద్దాం అన్నాడు. నాయుడు సరేనన్నాడు. కోకిల కూర తరుగుతూ, తల ఎత్తకుండా, తిరుత్తణి అవతల మామిడి తోపులో ఏదో హోటలుందంట, గాలి బాగుంటుందంట అన్నది.

నాయుడి చేతిలో చెంబు ఒలికింది.

"ఎప్పుడంటా ఉండారు?" అన్నాడు.

"ఈ ఆదివారం, మామా."

"ఆదివారం కిరుత్తిక."

కోకిల లేచి గోడ మీది క్యాలెండరు చూసి వచ్చింది. "కిరుత్తిక మంగళవారం. నెలనెలా కొండకు పోయే మీకే తెలవకపోతే ఎట్లా?"

"అది మిలిటరీ హోటలు కదా. నాకు పనేముంది ఆడ?"

"మిలిటరీ హోటలని మీకెవరు చెప్పినారు?"

నాయుడు పెరట్లోకి పోయి ఆవును చూశాడు. ఆవుకు ఏమీ కాలేదు. అయినా చాలాసేపు చూశాడు. రాత్రికి జ్వరమన్నాడు. కోకిల నుదురు తాకి, కషాయం కాచి ఇచ్చింది. అది తాగినవాడికి జ్వరం ఉన్నా ఉందని చెప్పే ధైర్యం ఉండదు. తెల్లారేసరికి తగ్గిపోయిందని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇక ఒకటే దారి. శనివారం పొలం పనని చెప్పి తిరుపతి పాసెంజరు ఎక్కి, తోట హోటలుకు పోయి ధర్మలింగాన్ని చాటుకు పిలిచాడు. రేపు మా వాళ్ళతో వస్తాను, నన్ను నువ్వెరగవు, నిన్ను నేనెరగను అన్నాడు. ధర్మలింగం కారణం అడగలేదు. హోటలు నడిపేవాడికి ఇలాంటివి కొత్త కాదు. గుండె మీద చెయ్యి వేసుకుని, నాకు వదిలెయ్యండయ్యా అన్నాడు.

నాయుడు నిశ్చింతగా తిరిగివచ్చాడు. మొగుడికి చెబితే పెళ్ళానికి చెప్పినట్టేనని అనుకున్నాడు. వనజాక్షితో అన్నేళ్ళు కాపురం చేసి కూడా అలా అనుకున్నాడంటే ఆయనను ఏమనాలి?

ఆదివారం నలుగురూ బయలుదేరారు. ఎల్లప్ప వేరుశనగకు నీళ్ళు పెట్టాలని రాలేదు. బావ పక్కన కూర్చుని పప్పు తినడం ఆయనవల్ల కాదన్నది అసలు కారణం. రుక్మిణమ్మ కొత్త చీర కట్టి, ఆకువక్క సంచీతో వచ్చింది. రైలు దిగి జట్కా ఎక్కారు. తోపు దగ్గర పడేకొద్దీ, అలవాటైన ఇంటి మలుపులో ఎద్దు అడుగు వేగం పెంచినట్టు, నాయుడి నోట్లో నీళ్ళు ఊరాయి. మింగాడు.

జట్కా ఆగిందో లేదో ధర్మలింగం ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. రోడ్డున పోయే లారీవాళ్ళకు కూడా వినపడేట్టుగా మొదలుపెట్టాడు.

"రండయ్యా. మా హోటలుకు మీరు రావడం ఇదే మొదలు కదా. మిమ్మల్ని నేను ఎప్పుడూ చూడలా."

"చూసినావని ఎవరన్నారు?" అన్నాడు నాయుడు పళ్ళ సందున.

"అదే చెప్తా ఉండానయ్యా. చూడలా."

కోకిల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాగలింగం పందిళ్ళను చూస్తున్నాడు. ధర్మలింగం వాళ్ళను తీసుకుపోయి, నెలనెలా నాయుడు కూర్చునే పెద్ద మామిడి కింది బల్ల చూపించి, ఈ బల్ల మీకు తెలవదు కానీ గాలి బాగా వస్తుంది అన్నాడు. నాయుడు అక్కడ కూర్చోనని ఎండ పడే బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆకులు వేశారు. ముగ్గురికి మాంసం భోజనం, ఆయనకు చారన్నం అని కోకిల చెప్పింది. చారన్నమా అని ధర్మలింగం అనుమానంగా అడిగి, నాయుడి ముఖం చూసి, అవునవును, అయ్య చారన్నం మనిషే, చూస్తేనే తెలస్తా ఉండాది అన్నాడు.

కూర వచ్చింది. ఆ వాసనకు నాయుడి చెయ్యి చారన్నం మీద ఆగిపోయింది. ఎదురుగా రుక్మిణమ్మ, మా అన్న నిగ్రహం చూడండి, ముక్కు కింద పెట్టినా చలించడు అని పక్క పందిట్లో ఎవరికో చెబుతోంది. పక్క పందిట్లో ఆడవాళ్ళు తమ మొగుళ్ళను చూశారు. మొగుళ్ళు నాయుణ్ణి చూశారు. ఆ చూపు ఆయనకు కొత్త కాదు.

కోకిల మూడేళ్ళ తరువాత మాంసం ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది. మళ్ళీ ఆకులోని కూరను చూసింది. పులుసు కొంచెం వేలితో నాకింది. ఆమె ముఖంలో ఇంటినుంచి తెచ్చుకున్న పంతం ఏదో ఉంది, పొద్దుటినుంచీ నాయుడు దానికే భయపడుతున్నాడు. అది మెల్లగా ఎటో పోయింది.

"ఈ కూర ఎవరు వండినారు?" అన్నది.

ఆ మాట వంటింటికి వినబడింది. వళ్ళియమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. రెండో చేతిలో మందారాకు పొట్లం. ధర్మలింగం సైగలు చేశాడు. ఆ సైగల్లో ఎంత అర్థముందో, ఇన్నేళ్ళ కాపురంలో ఆమె వాటిని ఎంత లెక్కపెట్టిందో, అన్నీ అక్కడే తెలిసిపోయాయి.

"వాంగయ్యా, రండి. ఈ నెల ముందే వచ్చినారే" అన్నది నాయుడితో. తరువాత రుక్మిణమ్మ వైపు తిరిగి, ముఖమంతా నవ్వుతో పొట్లం ముందు పెట్టింది. "అమ్మా, ఒంట్లో బాగయిందా? ఇన్నాళ్ళకు కంటితో చూస్తి. మీ ఇంటాయన నెలనెలా మీ మాట చెప్పకుండా ముద్ద ఎత్తడు. మీరు చెప్పి పంపినట్టే మిరియం తగ్గించినా. ఇప్పుడన్నా కూర సరిగ్గుందా, చెప్పండి."

ధర్మలింగం, నేను చూడలా అని ఇంకొకసారి అన్నాడు గానీ అది ఎవరికీ అక్కర లేకపోయింది.

రుక్మిణమ్మ పొట్లం విప్పింది. వాసన చూసింది. ఆ పొంగలిని ఆమె ఎన్నిసార్లు కళ్ళకద్దుకోలేదు? "అన్నా, ఇది కొండ ప్రసాదం కదా" అన్నది నీరసంగా. పొట్లం మళ్ళీ మూసి, "అట్లయితే ఆయన మోకాలు ఎట్లా తగ్గింది?" అన్నది.

నాయుడు ఆకు వైపు చూస్తున్నాడు. పరువు పోవడం ఆయనకు పెద్ద బాధ కాలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు ఈ వళ్ళియమ్మకు అసలు సంగతి చెబుతారు. చెప్పగానే వనజాక్షి ఇక్కడ కూడా చచ్చిపోతుంది. ఆయన చూడలేక చారులో అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలపడానికి ఏమీ మిగల్లేదు.

రుక్మిణమ్మ నోరు తెరిచింది. కోకిల ఆమె ఆకులో ఒక పెద్ద ముక్క వేసి, తినండత్తా అన్నది. ఆ గొంతు విని రుక్మిణమ్మ నోరు మూసుకుంది.

"ఈమె మా మామ చెల్లెలు" అని కోకిల వళ్ళియమ్మకు చెప్పింది. "మా అత్త రాలా. ఇంట్లోనే ఉండాది. ఆమెకు ఇంగా అట్లే ఉండాది."

"అయ్యో. కూర సంగతి?"

"ఇదే మా అత్త కూర. ఇంగ దేనికీ వంక పెట్టదు. ఒకతూరి మీ చేత్తో చేసేది చూపిస్తారా నాకు?"

వళ్ళియమ్మ మురిసిపోయి ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది. ఇద్దరూ ఎంతసేపటికీ రాలేదు. బయట రుక్మిణమ్మ అన్న వైపు వంగింది.

"ఎల్లప్పకు తెలస్తే నేను ఇంగ ఆ ఇంట్లో తలెత్తుకోలేను. మూడేళ్ళు నీ పేరు చెప్పి ఆయప్ప తిండి చెడగొట్టినా. నువ్వు చచ్చేదాకా తినకూడదు, అంతే."

నాగలింగం మాత్రం ఇంకొక విస్తరి అన్నం పెట్టించుకున్నాడు. క్యాంటీను కూర కన్నా ఇది వెయ్యిరెట్లు బాగుందని నోరు జారాడు. వాడి వైపు ఎవరూ చూడలేదు. ఆనాడు అంతకన్నా పెద్ద దొంగ దొరికివున్నాడు.

తిరుగు రైల్లో నాయుడు కిటికీ దగ్గర కూర్చున్నాడు. కోకిల ఎదుట కూర్చుంది. కొంగు ముడి విప్పి, వక్కపొడి పొట్లాలు కొన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ప్రతి పొట్లం మీదా తోట హోటలు పేరు అచ్చువేసి ఉంది.

"మీ చొక్కాలు ఉతికేది నేను కదా, మామా."

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది పైమాటే. ఈ పూట అందరి ముందరా మీచేత నిజం చెప్పించాలనే వస్తి. కూర నోట్లో పెట్టుకున్నంక చెయ్యలేకపోతి."

నాయుడికి కొంచెం ధైర్యం వచ్చింది. అయితే చట్టి దించుదువులే, వ్రతం పోయిందని నేనే ఊళ్ళో ఏదో ఒకటి చెబుతాను అన్నాడు.

"వ్రతం ఎందుకు పోతుంది?" అన్నది కోకిల. "మీరు పెద్ద మనిషి. ఊరంతా మిమ్మల్ని చూసి బతకతా ఉండాది. మీరు తినరు. మేము తింటాము."

"ఇంటి పెద్ద నోరు కట్టుకుంటే పొయ్యి మీద ఎక్కకూడదని పద్ధతి."

"నోరు కట్టుకుంటేనే కదా పద్ధతి?" అని, పొట్లాలు మళ్ళీ కొంగున ముడి వేసుకుంది.

తరువాతి ఆదివారం కోకిల గోడ మీది చట్టి దించింది. బల్లి సంసారం చూరులోకి మారిపోయింది. నాగలింగానికి నీరసం, మాంసం పెట్టమని డాక్టరు చెప్పాడని ఊరికి చెప్పారు. ఇంట్లోంచి మసాలా వాసన వచ్చినా అరుగు మీద కూర్చుని చారన్నం తింటున్న ధనకోటి నాయుణ్ణి చూసి ఊరు ఇంకా దణ్ణం పెట్టింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూశారు. లోపల వనజాక్షి చట్టిలో, వనజాక్షి కూర, అచ్చం అదే వాసన. ఆయన ముక్కు మూసుకోలేదు. మూసుకుంటే తెలిసిపోతుంది.

నెల తిరిగేసరికి కోకిల ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చి, కొండకు పోయిరండి మామా అన్నది. అత్తకు పొంగలి తెండి అన్నది. ఈసారి నాగలింగం తోడు వస్తాడు, మెట్లెక్కించి, దర్శనం చేయించి, తరువాతే తోపుకు తీసుకుపోతాడు అన్నది. నాయుడు నిజంగా కొండెక్కాడు. మోకాళ్ళు పట్టుకుపోయాయి. తోపులో ధర్మలింగం అమ్మ ఎట్లుందని అడిగాడు. అట్లే ఉండాది అన్నాడు నాయుడు. పొట్లం తెచ్చి కోకిలకు ఇచ్చాడు. ఆమె దాన్ని విప్పి వనజాక్షి పటం ముందు పెట్టింది. ఆయన మోకాలికి కొంచెం పూసుకోమంటే పూసుకోలేదు.

కోడల్ని ఆయన క్షమించలేదు. వనజాక్షినీ క్షమించలేదు. ముందు పోయి ఇంతా చేసింది ఆమే కదా. అరవయ్యో పుట్టినరోజు ఎట్లా జరిగిందని ఎల్లప్ప ఒకసారి అడిగాడు. ఆ సంగతి ఇంగ నా దగ్గర ఎత్తొద్దు అని నాయుడు లేచిపోయాడు. ఆ తరువాత ఆయన దాన్ని ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.